వేడెక్కిన గాలి: టైరులో ఒక తీరు, బెలూనులో ఒక తీరు

ఏప్రిల్ నడిమికల్లా జనగామ మీదుగా పోయే 163వ నంబరు జాతీయ రహదారి సెగలు కక్కుతుంది. నీడలో 42 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం తారురోడ్డు ఒళ్లు 60 డిగ్రీలు దాటిపోతుంది. ఆ రోడ్డు మీదే హైదరాబాద్–వరంగల్ బస్సులు, సరుకు లారీలు, పెండ్లిళ్లకు బయల్దేరిన కార్లు. మహబూబాబాద్ వైపు మిర్చి ఏరే కూలీలను ఎక్కించుకున్న ఆటోలు, ట్రాక్టర్లు. భూపాలపల్లి వైపు బొగ్గు లారీలు. ఇన్ని టన్నుల బరువునూ చివరికి మోసేది రబ్బరు గోడల నడుమ బిగించిన గాలే.

ఆ గాలి వేడెక్కితే ఏమవుతుంది? "ఎండాకాలం కదా, రెండు పాయింట్లు తక్కువ పెట్టు" అని హవా కొట్టించేటప్పుడు చెప్పే మాట మన వైపు వినని వారుండరు. ఆ మాట ఎందుకు తప్పో, ఆ తప్పు ప్రాణాల మీదికి ఎట్లా తెస్తుందో ఈ అధ్యాయంలో చూద్దాం. అది సరిగ్గా అర్థం కావాలంటే టైరుతోపాటు వేడిగాలి బెలూనును కూడా పక్కన పెట్టుకుని చూడాలి. రెండింటిలో ఉన్నది అదే గాలి. రెండింటినీ నడిపేది అదే సూత్రం. బెలూనులో గాలికి బయటికి దారి ఉంది, టైరులో లేదు. తేడా అంతా అక్కడే వస్తుంది.

గోనెస్ పొలాల్లో పడ్డ బెలూను

గాలిలో కోటానుకోట్ల అణువులు నిలకడ లేకుండా అటూ ఇటూ పరుగెడుతుంటాయి. వేడి పెరిగితే వాటి పరుగు పెరుగుతుంది. పరుగు పెరిగిన అణువులు గోడను మరింత గట్టిగా, మరిన్ని సార్లు కొడతాయి. గోడ కదలనిదైతే పీడనం పెరుగుతుంది. గోడ వెనక్కి జరిగితే, లేదా దాంట్లో రంధ్రం ఉంటే, గాలి పరుచుకుని పలచబడుతుంది.

ఈ సంగతిని శాస్త్రజ్ఞులు బెలూన్లతో ఆడుకుంటూ, దెబ్బలు తింటూ నేర్చుకున్నారు. 1783లో ఫ్రాన్సు దేశంలో కాగితాల తయారీ కుటుంబానికి చెందిన మాంట్‌గోల్ఫియర్ సోదరులు వేడిగాలి నింపిన సంచిని ఎగరేశారు. సెప్టెంబరు 19న వెర్సాయ్‌లో రాజు ఎదుట ఒక గొర్రె, ఒక బాతు, ఒక కోడిపుంజు బెలూనుకు కట్టిన బుట్టలో పైకి వెళ్లి దిగాయి. నవంబరు 21న పిలాత్ర్ ద రోజియే, మార్క్విస్ దార్లాంద్ అనే ఇద్దరు ప్యారిస్ మీదుగా ఎగిరారు. కట్టుతాడు లేని బెలూనులో మనిషి ప్రయాణం అప్పుడే మొదలైంది.

అదే ఏడాది జాక్ షార్ల్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు వేడిగాలికి బదులు హైడ్రోజన్ వాడాడు. ఆగస్టు 27న ప్యారిస్ నుంచి మనుషులు లేని పట్టు బెలూనును వదిలాడు. దాని మూతి బిగించి ఉంది, లోపల వాయువు నిండుగా ఉంది. పైకి పోతున్నకొద్దీ చుట్టూ వాతావరణ పీడనం తగ్గింది. లోపలి వాయువు ఉబ్బింది, బయటికి పోయే దారి లేక పట్టుబట్టను చీల్చింది. బెలూను గోనెస్ అనే పల్లె దగ్గర పొలాల్లో పడింది. ఆకాశం నుంచి ఏదో భూతం దిగిందని జడుసుకున్న ఊరివాళ్లు దాన్ని పొడిచి, చింపి పెట్టారు.

షార్ల్ ఆ పాఠం వృథా పోనీయలేదు. డిసెంబరు 1న తానే ఎక్కిన బెలూనుకు అడుగున మూతి తెరిచి ఉంచాడు, పైన తాడుతో తెరిచే కవాటం పెట్టాడు. ఉబ్బిన వాయువు అడుగు నుంచి పోయింది, బెలూను నిలిచింది. ఉష్ణోగ్రతకూ వాయువు పరిమాణానికీ ఉన్న లెక్కను తరువాత ఆయనే ప్రయోగాలు చేసి గమనించాడు. గే-లుసాక్ 1802లో దాన్ని ప్రచురిస్తూ షార్ల్ పేరు చెప్పాడు. ఆ గే-లుసాక్ కూడా 1804లో బెలూను ఎక్కి సుమారు 7,000 మీటర్ల ఎత్తుకు వెళ్లి అక్కడి గాలిని సీసాల్లో పట్టి తెచ్చినవాడే. పీడనం పెరిగే తీరునూ, పరిమాణం పెరిగే తీరునూ చెప్పే సూత్రాలకు ఈ ఇద్దరి పేర్లే స్థిరపడ్డాయి. మూతి బిగించిన ఆగస్టు బెలూను, మూతి తెరిచిన డిసెంబరు బెలూను. మన టైరు మొదటి దాని కోవలోది.

టైరు లోపలి లెక్క

గాలి నింపిన టైరును 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు వాడకంలోకి తెచ్చాడు. గాలి మెత్తదనం కావాలి, గాలి బయటికి పోకూడదు. ఈ రెండు కోరికలను ఒకేచోట తీర్చేదే టైరు.

ఇప్పుడు ఒక కారు టైరు తీసుకుందాం. పొద్దున 27 డిగ్రీల చల్లదనంలో కంపెనీ చెప్పినట్లు 33 పాయింట్లు, అంటే 33 పీఎస్ఐ గాలి పట్టించాం. గేజి చూపేది వాతావరణ పీడనం కంటే ఎంత ఎక్కువ ఉందన్నదే. వాతావరణానిది మరో 14.7 కలిపితే అసలు పీడనం 47.7. ఉష్ణోగ్రతను కూడా అసలు సున్నా (పరమశూన్యం) నుంచి లెక్కించాలి, అంటే 273 కలిపి కెల్విన్‌లలోకి మార్చాలి. 27 డిగ్రీలు 300 కెల్విన్‌లు అవుతాయి. మధ్యాహ్నం హైవే మీద పోతుంటే టైరు లోపలి గాలి 67 డిగ్రీలకు చేరిందనుకోండి, అది 340 కెల్విన్‌లు. 47.7ను 340తో గుణించి 300తో భాగిస్తే 54 వస్తుంది. వాతావరణానిది తీసేస్తే గేజి మీద 39 పైచిలుకు. ఆరు పాయింట్లు పెరిగాయి.

లారీ టైరులో లెక్క ఇంకా పెద్దది. పొద్దున 110 పాయింట్లున్న టైరు అదే వేడికి 126 దాటుతుంది.

ఈ అంకె చూసి భయపడి గాలి తీయించేవాళ్లు చాలామంది. తీయిస్తే ఏమవుతుందో లెక్కే చెబుతుంది. 67 డిగ్రీల వేడి మీద ఉన్న కారు టైరులోంచి ఆరు పాయింట్లు తీసి 33కు దించామనుకోండి. రాత్రి చల్లబడి మళ్లీ 27 డిగ్రీలకు వచ్చేసరికి గేజి 27 పాయింట్లే చూపుతుంది. మర్నాడు బండి ఆరు పాయింట్ల లోటుతో రోడ్డెక్కుతుంది. ఆ లోటే అసలు ప్రమాదం.

టైరును పేల్చేది ఏది?

మంచి స్థితిలో ఉన్న టైరును మామూలు పీడనానికి కొన్ని రెట్లు తట్టుకునేలా తయారుచేస్తారు. ఆరు పాయింట్లు పెరిగినంత మాత్రాన అది పేలదు. దాని ప్రాణం తీసేది రబ్బరులో పుట్టే వేడి.

కారు బరువు 1,200 కిలోలనుకుంటే ఒక్కో చక్రం మీద 300 కిలోలు. 33 పాయింట్ల గాలి ఆ బరువును మోయాలంటే టైరు సుమారు 130 చదరపు సెంటీమీటర్ల మేర రోడ్డును ఆనాలి, అంటే అరచేయంత చోటు. చక్రం తిరిగినప్పుడల్లా ఆ చోటికి వచ్చిన రబ్బరు నొక్కుకుపోతుంది, పక్కగోడ వంగుతుంది, చోటు దాటగానే మళ్లీ నిటారవుతుంది. కారు టైరు కిలోమీటరుకు సుమారు 500 సార్లకు పైగా తిరుగుతుంది. జనగామ నుంచి హైదరాబాద్ చేరేలోపు టైరులోని ప్రతి ముక్కా నలభై వేల సార్లకు పైగా వంగి లేస్తుంది. వంగేటప్పుడు తీసుకున్న శక్తినంతా రబ్బరు లేచేటప్పుడు తిరిగి ఇవ్వదు. మిగిలింది వేడిగా మారి అక్కడే ఉండిపోతుంది.

గాలి తక్కువైతే రోడ్డుకు ఆనే చోటు పెరుగుతుంది, పక్కగోడ మరింత లోతుగా వంగుతుంది, వేడి మరింత పుడుతుంది. కింద 60 డిగ్రీల తారు, చుట్టూ 42 డిగ్రీల గాలి. పుట్టిన వేడి పోయేందుకు చల్లటి చోటే లేదు. టైరు గట్టిదనమంతా రబ్బరుకూ దాని లోపలి దారాలు, ఉక్కు తీగల పొరలకూ మధ్య ఉన్న పట్టులో ఉంటుంది. వేడి పెరిగి పెరిగి ఆ పట్టు సడలితే పొరలు విడిపోతాయి. ఒక చోట ఉబ్బు లేస్తుంది, లేదా గ్రిప్పు పట్టీ పట్టీగా ఊడిపోతుంది. హైవే పక్కన ఎండాకాలంలో కనిపించే నల్లటి రబ్బరు పేలికలు ఇట్లా వచ్చినవే. అవి రీబటన్ టైర్లవే అనుకుంటాం గానీ, గాలి తక్కువైతే కొత్త టైరుకూ అదే గతి.

టైరు వేడెక్కినప్పుడు గాలి పీడనం పెరగడం నిజానికి టైరుకు రక్షణ. పీడనం పెరిగిన టైరు బిగుసుకుంటుంది, తక్కువగా వంగుతుంది, వేడి పుట్టుక తగ్గుతుంది. అట్లా కొంతసేపటికి పుట్టే వేడీ పోయే వేడీ సమానమై టైరు ఒక దగ్గర నిలదొక్కుకుంటుంది. గాలి తీయిస్తే ఆ రక్షణను మన చేత్తో మనమే తీసేసినట్టు. ఎక్కువ బరువు, ఎక్కువ వేగం కూడా ఈ తూకాన్ని చెడగొట్టేవే. ఆటోలో కూలీలను కుక్కి తీసుకెళ్లే మధ్యాహ్నాలు అందుకే అంత గండం. గాలి తక్కువ, బరువు ఎక్కువ, రోడ్డు మంట. మూడూ ఒక్కసారే ఆ టైరు మీద పడతాయి. తెల్లారి పనికి పోయిన తల్లులు, చెల్లెళ్లు సాయంత్రం ఇల్లు చేరడం ఆ టైరు మీదే ఆధారపడి ఉంటుంది.

లారీలకు వెనక జంట టైర్లుంటాయి. రెండింటిలో ఒకదానికి గాలి తగ్గితే పైకి కనపడదు, పక్క టైరు ఆ బరువునూ మోస్తుంది. అందుకే క్లీనరు ఇనుప రాడ్డుతో టైరును కొట్టి చప్పుడు వింటాడు. గట్టిగా మోగితే గాలి ఉన్నట్టు, మొద్దుగా పలికితే దిగినట్టు. పూర్తిగా దిగిన టైరును ఆ చెవి పట్టేస్తుంది. 110 ఉండాల్సిన చోట 90 ఉంటే మాత్రం చప్పుడులో తేడా తెలియదు, గేజి పెట్టాల్సిందే.

నైట్రోజన్ సంగతి, నీటి సంగతి

పెట్రోలు బంకుల్లో డబ్బు తీసుకుని నైట్రోజన్ నింపుతారు. నైట్రోజన్ వేడెక్కదనీ, పీడనం పెరగదనీ చెబుతుంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. పైన వేసిన లెక్క రెండింటికీ ఒకటే. దాంతో రెండు చిన్న మేళ్లున్నాయి. ఆక్సిజన్ కంటే నైట్రోజన్ రబ్బరులోంచి నెమ్మదిగా బయటికి పోతుంది. సిలిండరు నైట్రోజన్‌లో తేమ ఉండదు.

తేమ సంగతి కొంచెం పట్టించుకోవలసిందే. కంప్రెసరు ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి, ట్యాంకును ఎప్పటికప్పుడు వంపేయకపోతే ఆ నీళ్లు గాలితోపాటు టైరులోకి వెళ్తాయి. లోపల నీటి బొట్లు మిగిలి ఉంటే 27 డిగ్రీల దగ్గర ఆవిరి ఇచ్చే పీడనం అర పాయింటు. 67 డిగ్రీల దగ్గర అది దాదాపు 4 పాయింట్లు. రిమ్ముకు తుప్పు అదనం. కాబట్టి పొడి గాలి ఎక్కించే చోటు చూసుకుంటే మామూలు గాలే చాలు. నైట్రోజన్ కొట్టించాం కదా అని నెలల తరబడి గేజి పెట్టకపోవడమే అసలు నష్టం.

బెలూనుకు ఎండ పడదు

ఇక మూతి తెరిచి ఉన్న సంచి దగ్గరికి వద్దాం. ఇప్పటి వేడిగాలి బెలూను నైలాన్ బట్టతో కుట్టిన సంచి. దాని కింద ప్రొపేన్ వాయువుతో మండే బర్నరు, ఆ కింద మనుషులు నిలబడే బుట్ట. ఈ రూపంలో దాన్ని అమెరికాకు చెందిన ఎడ్ యోస్ట్ 1960 అక్టోబరు 22న నెబ్రాస్కాలో ఎగరేశాడు. 2005 నవంబరు 26న ముంబై నుంచి లేచిన విజయ్‌పత్ సింఘానియా వేడిగాలి బెలూనులో 21,027 మీటర్ల ఎత్తుకు వెళ్లి ప్రపంచ రికార్డు సాధించారు. మన తెలుగు నేల మీద 2017 నవంబరులో అరకు లోయలో బెలూన్ల పండుగ జరిగింది.

బర్నరు మండితే సంచిలోని గాలి వేడెక్కి పరుచుకుంటుంది. పీడనం పెరగకుండా కొంత గాలి అడుగు మూతిలోంచి బయటికి పోతుంది. మిగిలిన గాలి పలచబడి తేలికవుతుంది. 27 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి 1.18 కిలోలు తూగుతుంది. 97 డిగ్రీల దగ్గర 0.95 కిలోలే. ఈ తేడాయే బెలూనును లేపుతుంది. సంచి 2,500 ఘనమీటర్లదైతే సుమారు 550 కిలోలు లేస్తాయి. అందులోనే బట్ట, బుట్ట, సిలిండర్లు, మనుషులు అందరూ సర్దుకోవాలి.

ఇప్పుడు అదే బెలూనును జనగామ మే నెల మధ్యాహ్నంలో నిలబెట్టండి. బయట 42 డిగ్రీలు. బయటి గాలే పలచబడి ఘనమీటరుకు 1.12 కిలోలకు దిగింది. లోపల అదే 97 డిగ్రీలుంటే తేడా 0.17 కిలోలు. లేచే బరువు 420 కిలోలకు పడిపోయింది. ఇద్దరు మనుషులు దిగిపోవాలి. సముద్రమట్టం దగ్గరి లెక్కలివి, జనగామ ఇంకా ఎత్తున ఉంది కాబట్టి మరికొంచెం తగ్గుతాయి. మంట పెంచి సరిచేద్దామంటే బట్ట తట్టుకునే వేడికి హద్దుంది.

బరువు కంటే పెద్ద చిక్కు గాలితెరలది. పొద్దున పది దాటాక గద్దలను గమనించండి. రెక్క కదపకుండా గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోతుంటాయి. ఎండకు కాగిన బండరాళ్లు, దున్నిన చెల్కలు, తారురోడ్లు తమ మీది గాలిని వేడెక్కిస్తాయి. ఆ గాలి తేలికై స్తంభంలా పైకి లేస్తుంది. అది లేచిన చోటికి చుట్టుపక్కల గాలి దూసుకొస్తుంది, దుమ్ముతో సుడిగాలి లేస్తుంది. గద్దకు అది బలం. చుక్కాని లేని బెలూనుకు గండం, ముఖ్యంగా దిగే సమయంలో. అందుకే బెలూను నడిపేవాళ్లు పొద్దు పొడవగానే, లేదా పొద్దు గుంకే ముందు మాత్రమే ఎగురుతారు. ఎగిరే ముందు చేతిలోంచి ఒక చిన్న బుడగను వదిలి అది ఎటు పోతుందో చూస్తారు. మన దగ్గర బెలూను పండుగలను ఎక్కువగా చలికాలంలో పెట్టుకోవడానికి ఇదొక కారణం.

మన తల మీదుగా పోయే బెలూన్లు

జనగామ ఆకాశానికి బెలూన్లు కొత్త కాదు. పడమటి దిక్కున హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర టాటా మౌలిక పరిశోధనా సంస్థ, టీఐఎఫ్ఆర్, వారి బెలూన్ కేంద్రం దశాబ్దాలుగా పనిచేస్తోంది. అక్కడి నుంచి పరిశోధన పరికరాలతో లేచే బెలూన్లు పలచటి పాలిథీన్‌తో చేసినవి, లోపల హైడ్రోజన్. వాటిని ఎక్కువగా చలికాలం నుంచి ఏప్రిల్ లోపు, రాత్రి నుంచి తెల్లవారే లోపు వదులుతారు. నేల మీద సంచిని నిండుగా నింపరు, పైభాగంలో కొంచెమే నింపుతారు. 30 కిలోమీటర్ల ఎత్తున వాతావరణ పీడనం నేల మీదిదాంట్లో నూరో వంతుకు దగ్గరగా పడిపోతుంది. వాయువు అన్ని రెట్లు ఉబ్బాలి. అడుగున తెరిచిన గొట్టాలు మిగులు వాయువును బయటికి పంపుతాయి. 1783 డిసెంబరులో షార్ల్ తెరిచిన మూతే ఇప్పటికీ పనిచేస్తోంది.

ఈ కేంద్రం నుంచి 2005 ఏప్రిల్ 20న లేచిన బెలూను 41 కిలోమీటర్ల దాకా వెళ్లి గాలిని సేకరించి తెచ్చింది. ఖగోళ శాస్త్రజ్ఞుడు జయంత్ నార్లీకర్ పాలుపంచుకున్న ఆ ప్రయోగంలో దొరికిన సూక్ష్మజీవులను హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధనా కేంద్రంలోనూ, పుణెలోనూ పరీక్షించారు. మూడు కొత్త జాతుల బాక్టీరియా దొరికాయని 2009లో ప్రకటించి, వాటిలో ఒకదానికి ఆర్యభటుడి పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ హాయిల్ పేరు పెట్టారు.

పని ముగిశాక పరికరాలు పెద్ద పారాచూట్లతో నేలకు దిగుతాయి. దిగే చోటు గాలి చేతిలో ఉంటుంది. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో గుండ్రటి పెద్ద పెట్టె లాంటిది పొలంలో దిగితే జనం గుంపులుగా చేరారు. అంతరిక్ష విహారం కోసం తయారవుతున్న పెట్టెను టీఐఎఫ్ఆర్ బెలూనుతో పైకి పంపి పరీక్షించారని తర్వాత తెలిసింది. గోనెస్ రైతులకు చెప్పేవారు లేకపోయారు. మనకు టీఐఎఫ్ఆర్ వాళ్లు ముందే పత్రికల్లో ప్రకటన ఇస్తారు. పరికరం మీ పొలంలో దిగితే ముట్టుకోకుండా, విప్పకుండా పోలీసులకో, తహసీల్దారుకో చెప్పడం మన వంతు. దాంట్లో ఎందరో పరిశోధకుల ఏళ్ల కష్టం ఉంటుంది.

చల్లపొద్దున చేయవలసినవి

బెలూనుకైనా టైరుకైనా ఒకే వేళ సరైనది, ఎండ ముదరకముందు. టైరు గాలిని బండి కదిలించకముందే, కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక కొలవాలి. ఎంత ఉండాలన్నది కార్లలోనైతే డ్రైవరు తలుపు చట్రం మీద అంటించిన కాగితంలో ఉంటుంది. టైరు పక్కగోడ మీద ఉండేది ఆ టైరు గరిష్ఠ హద్దు, దాన్ని చూసి నింపకూడదు. నిండు బరువుతో పోయేటప్పుడు కంపెనీ ఎక్కువ గాలి చెబుతుంది, దాన్ని పాటించాలి. ఎండాకాలానికని వేరే అంకె లేదు. వేడి మీద ఉన్న టైరులో గాలి పెరిగి కనిపిస్తే తీయకూడదు.

స్టెప్నీని మరవకూడదు. వాల్వుకు మూత ఉండాలి. పక్కగోడ మీద అరచెయ్యి నిమిరితే ఉబ్బు, పగులు తెలుస్తాయి, అవి ఉంటే ఆ టైరును తీసేయాలి. గాళ్లలో గ్రిప్పు 1.6 మిల్లీమీటర్లకు దిగితే దాని కాలం తీరినట్టే, గుండు టైరు తొలకరి తడికే జారిపోతుంది. పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య తయారీ తేదీ చెబుతుంది. 1523 అంటే 2023లో 15వ వారం.

సూత్రాన్ని పిల్లలకు చూపాలంటే ఖాళీ గాజుసీసా మూతికి చిన్న బుడగ తొడిగి వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి, బుడగ లేచి నిలబడుతుంది. చల్లనీళ్లలో పెట్టండి, వాలిపోతుంది. మంట వెలిగించి ఎగరేసే కాగితపు లాంతర్లు మాత్రం వద్దు. ఎండాకాలంలో గడ్డివాములు, పత్తి గుట్టలు ఉన్న పల్లెల మీద అవి నిప్పు చల్లుతాయి.

పెట్రోలు బంకుల్లో గాలి ఉచితంగా పట్టాలన్నది నిబంధన, అడిగి పట్టించుకోవచ్చు. ఇంకో పని జూనియర్ కాలేజీలు చేయగలవు. ఇంటర్ భౌతికశాస్త్రం చదివే పిల్లలు ఒక గేజి, ఒక ఉష్ణమాపకం పట్టుకుని తమ ఊరి ఆటో అడ్డాలో పొద్దున ఆరింటికీ, మధ్యాహ్నం రెండింటికీ టైర్ల గాలి కొలిచి పట్టిక రాయాలి. పుస్తకంలోని సూత్రం వాళ్ల చేతిరాతలో రుజువవుతుంది. ఆ పట్టికను అడ్డా గోడకు అంటిస్తే, గాలి ఎందుకు పెరిగిందో, ఎందుకు తీయకూడదో ఆటో నడిపే అన్నలు స్వయంగా చదువుకుంటారు. ఎండను మనం తగ్గించలేం. టైరులో గాలి సరిగ్గా ఉంచడం మాత్రం పూర్తిగా మన చేతిలో పని, అది ఏ రోజుకారోజు పొద్దున చేయాల్సిన పని.